ఆన్‌లైన్లో సినిమా చెప్పడం

ఉత్తర్వు ఒక్క పేజీయే. ఈ ఏడాది నుంచి మా శాఖా గ్రంథాలయం సినిమా పోటీని ఆన్‌లైన్లో జరపాలని, హాల్లో ప్రదర్శన అవసరం లేదని, వచ్చిన సినిమాలన్నీ ఫలానా పేజీలోకి ఎక్కించాలని రాశారు. కౌంటరు దగ్గర కూర్చుని చదివి, మడిచి సొరుగులో పెట్టి, కాసేపటికి మళ్లీ తీసి చదివాను. రెండోసారి చదివినా అదే ఉంది.

అప్పటికి నా నెత్తిన రెండు లైబ్రరీలు. ఇక్కడ నాలుగు రోజులు, ఘాట్ దిగువన ఇంకోచోట రెండు రోజులు, శుక్రవారం సెలవు. ఆ శుక్రవారం బట్టలుతుక్కోవడానికీ మోకాళ్లకు నూనె రాసుకోవడానికీ సరిపోయేది. కొండ మీద ఉద్యోగం అనగానే పార్వతీపురంలో మా చుట్టాలు అబ్బ, చల్లగా ఉంటుంది, కాఫీ తోటలు, పొగమంచు అని అసూయపడేవారు. జీపులో పదకొండో మనిషిగా డ్రైవరు పక్కన, గేరు రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసుకుని కూర్చున్నప్పుడు పొగమంచు ఎవరికి కనిపిస్తుంది? వాళ్లతో వాదించే ఓపిక కూడా పోయి, అవును, చల్లగానే ఉంటుంది అనేదాన్ని.

ఆ పోటీ పెట్టిన పాపం నాదే. లైబ్రరీకి పేపరు కోసం వచ్చే నలుగురు టీచర్లు, వానకు తలదాచుకునే సంత జనం తప్ప మనుషులు రావడం లేదు. ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చిన కొత్తలో ఒకరోజు బోర్డు రాసి పెట్టాను. మీ ఫోన్లో పది నిమిషాలకు మించకుండా మీ ఊరి సినిమా తీసి తెండి, లైబ్రరీలో అందరికీ చూపిస్తాం, జనం మెచ్చినదానికి బహుమతి అని. బహుమతి ఒక మంచి ఉన్ని దుప్పటి. మా చలికి ఆ దుప్పటి కోసమే వచ్చారని నేనిప్పటికీ అనుకుంటాను.

మొదటి ఏడాదే ఒక పద్ధతి పడిపోయింది. సంత రోజు మధ్యాహ్నం కిటికీలకు పాత ఫ్లెక్సీలు కట్టి హాలు చీకటి చేసి, గోడకు తెల్ల పంచె బిగించి, హైస్కూలు నుంచి అరువు తెచ్చిన ప్రొజెక్టరు పెట్టాం. మొదటి సినిమా పసుపు ఉడకబెట్టడం గురించి. స్పీకర్లోంచి గాలి హోరు తప్ప ఏమీ రాలేదు. తీసినాయన లేచి తెర పక్కన నిలబడ్డాడు.

"సౌండు ఆపీ మేడమ్మా. నాను సెప్తాను" అన్నాడు.

చెప్పాడు. గోడ మీద బొమ్మ కదులుతున్నకొద్దీ తెలుగులో ఒకమాటు, వెనక వరసలో ముసలివాళ్ల కోసం కొండ ఒడియాలో ఒకమాటు. జనం నవ్వారు, మధ్యలో అడ్డు ప్రశ్నలు వేశారు, ఆయన ఓపిగ్గా జవాబులిచ్చాడు. ఆ తరవాత సౌండుతో సినిమా తెచ్చిన పెద్దవాళ్లు లేరు. తీసేటప్పుడు మాట గురించి పట్టించుకోవడమే మానేశారు. చెప్పాల్సింది ఎలాగూ తెర పక్కన నిలబడ్డాక చెబుతారు కదా.

అందుకే మా దగ్గర సినిమా తీశానని ఎవరూ అనరు. "ఈ యేడు సినిమా సెప్తన్నావేటి?" అని అడుగుతారు. "సెప్తన్నాను, అడ్డాకుల మీద" అని బదులిస్తారు. మా రిజిస్టరులో కూడా నేను 'చెప్పినవారు' అనే గడి గీసుకున్నాను. ఆన్‌లైన్ ఫారంలో ఆ చోట 'దర్శకత్వం' అని ఉంది. అది చూసినప్పుడు నేను ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ఫారం నింపడమే ఒక యాతన. పేరు, ఊరు, ఫోను నంబరు, ఆ నంబరుకు వచ్చే ఆరు అంకెలు. కంప్యూటరుకు కేబులు నెట్టు ఉంది, దాని బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఫోను సిగ్నలేమో బయట వాటర్ ట్యాంకు మెట్ల మీదే దొరుకుతుంది. మనుషులు ఆ మెట్లెక్కి అంకెలు అరిచేవారు, నేను లోపలినుంచి కొట్టేదాన్ని, ఈలోగా గడువు దాటిపోయేది. ఆఖర్న నువ్వు యంత్రానివి కావని నిరూపించుకోమని తొమ్మిది బొమ్మలు చూపించి ట్రాఫిక్ లైట్లు ఉన్నవి ఎంచమనేది. మా మండలం మొత్తం మీద ఒక్క ట్రాఫిక్ లైటు లేదు. పసుపు సినిమా చెప్పినాయన ఆ బొమ్మల్ని చాలాసేపు చూసి, "అన్నీ నొక్కీ మేడమ్మా, ఏదో ఒకటి అవుతాది" అన్నాడు.

సగం మంది మానేశారు. "హాల్లో ఎయ్యవా? మరెవులు సూస్తారు?" అన్నారు. ప్రపంచమంతా చూస్తుందని చెప్పాను. "ఆల్లు మనకి తెల్దు కదా" అన్నారు. నాకు విసుగొచ్చింది. రోజంతా అదే ప్రశ్న, అదే జవాబు. సాయంత్రానికి గొంతు పోయేది.

ఆన్‌లైన్ అనగానే సంతోషపడ్డ మనిషి ఒక్కతే. ఆవిడ ఊరు మండల కేంద్రం నుంచి జీపులో ముప్పావు గంట, ఆపైన నడక. కాఫీ తోటల్లో పళ్లు కోస్తుంది, సొంతానికి కొంచెం రాజ్మా, చోళ్లు పండించుకుంటుంది. ఏటా సినిమా చెబుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినీ పలకరిస్తూ బాగా చెబుతుంది, రెండుసార్లు దుప్పటి కూడా పట్టుకెళ్లింది. భర్త పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు.

ఆ పిల్ల ఇంటర్ అయ్యాక, రెండేళ్ల కిందట ఒక సంత రోజున, ఊరి పిల్లలు కొందరితో కలిసి తమిళనాడు వైపు నూలు మిల్లులో పనికి వెళ్లిపోయింది. చెబితే పోనివ్వదని తల్లికి చెప్పలేదు. తల్లికి జీపు డ్రైవరు చెప్పాడు. కూతురి సంగతి పరాయివాడి నోట వినాల్సి వచ్చిందని ఆవిడ ఒక పంతం పట్టింది.

"మాటాడకుండా ఎల్లిపోనాది. నాను దానితో మాటాడను" అంది.

అన్నట్టే చేసింది. కూతురి ఫోను ఎత్తలేదు. పనిలో కుదురుకున్నాక ఆ పిల్ల ఊరివాళ్ల చేత ఒక టచ్ ఫోను పంపితే తీసుకుంది, ఫోటోలు తీసుకుంది, సినిమాలు తీసింది, దాన్లోనూ కూతురి కాల్ ఎత్తలేదు. పాస్టరుగారు చెప్పి చూశారు, నేనూ చెప్పి చూశాను. "దాన్ని సల్లగా సూడమని దేవుడికి రోజూ సెప్తాను మేడమ్మా. దేవుడితోటి మాటాడతాను గానీ దానితోటి కాదు" అంది. ఇంకేం అంటాం? వదిలేశాను.

అలాంటి మనిషి ఒక సంతకు వచ్చి, రాజ్మా సంచి కిందపెట్టి, కౌంటరు మీద మోచేతులానించి కూతురి గురించి అడిగింది. "ఆన్‌లైన్లో ఎడితే మా గుంట సూస్తాదేటి, అక్కడ?"

"చూస్తుంది. లింకు పంపితే ఎక్కడున్నా చూస్తుంది."

"సినిమా సెప్తే అందరికీ సెప్పినట్టే కదా? దానితో మాటాడినట్టు అవ్వదు కదా?"

అవ్వదన్నాను. లాయర్లు కూడా ఇలాంటి సందు వెతకలేరని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వులో కొంచెం సంతోషం కూడా ఉంది. రెండేళ్లుగా బిగుసుకుపోయిన మనిషికి మాట తప్పకుండా మాట్లాడే దారి దొరికింది. ఈ దిక్కుమాలిన ఆన్‌లైన్ వల్ల ఒక్కరికైనా మేలు జరుగుతుందనుకున్నాను.

పది రోజుల తరవాత సినిమా తెచ్చింది. తొమ్మిది నిమిషాలు. జీపు దిగే చోటు నుంచి ఇంటి గుమ్మం దాకా నడక. ఫోను నడుము దగ్గర పట్టుకుని తీసినట్టుంది, దారి, రాళ్లు, ఆవిడ పాదాలు, అప్పుడప్పుడు ఒక చెట్టు మొదలు. మా కంప్యూటరుకు స్పీకర్లు లేవు, వైర్లు ఎలకలు ఎప్పుడో కొరికేశాయి. అయినా నాకు ఈ మనుషుల సినిమాలు శబ్దం లేకుండా చూడటమే అలవాటు. పేరేం పెట్టమంటావంటే 'దారి' అని రాయమంది. కూతురి నంబరు కాగితం చూడకుండా చెప్పింది, ఒక్కసారి కూడా తను డయల్ చేయని నంబరు.

ఎక్కించడం మొదలుపెట్టాను. నీలం గీత మెల్లగా కదలడం మొదలైంది. స్టూలు చూపించినా ఆవిడ కూర్చోలేదు. వచ్చి కంప్యూటరు పక్కన నిలబడింది, కొంగు సర్దుకుంది, చెప్పడం మొదలుపెట్టింది. నేను పక్క బల్ల మీద పోయిన పుస్తకాల జాబితా రాసుకుంటున్నాను. ఆ జాబితా మర్నాటికి ఘాట్ దిగాలి. ఆవిడ గొంతు ఒక పక్కన వినిపిస్తూనే ఉంది. గీత సగం దాకా వెళ్లి ఆగి, నెట్టు పోయి, మళ్లీ మొదటికి వచ్చింది. ఆవిడ కూడా మళ్లీ మొదటికి వచ్చింది. అలా మూడుసార్లు. మూడోసారికి గొంతు బొంగురుపోతే మంచినీళ్లు ఇచ్చాను. ఫారం నింపేటప్పుడు లోలోపల ప్రార్థన చేసుకునేవాళ్లుంటారు, ఈవిడ కూడా కంగారుకొద్దీ ఏదో వల్లించుకుంటోందనుకున్నాను.

"ఎల్లిపోనాదా?" అని అడిగింది గీత నిండాక.

"వెళ్లిపోయింది."

"అంతా?"

"అంతా వెళ్లిపోయింది."

ఆవిడ ముఖం తేలికపడింది. నీళ్లు తాగి, సంచి ఎత్తుకుని, బేగి ఎల్లాలి, జీపు పోతాదని గబగబా వెళ్లిపోయింది. ఒక్కసారి తలెత్తి, ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఎందుకు అడగలేదంటే అలసిపోయి ఉన్నాను. అంతకంటే పెద్ద కారణం ఇన్నాళ్లుగా వెతుకుతున్నా నాకు దొరకలేదు.

సినిమాలన్నీ పేజీలోకి వచ్చిన రోజే కూతురికి లింకు పంపాను. నాలుగు రోజుల తరవాత ఆ పిల్ల ఫోను చేసింది. నేను జీపులో ఉన్నాను, వినబడక దిగి మళ్లీ చేశాను.

"మేడం, మా అమ్మ సినిమా చూసినాను" అంది. గొంతు చాలా జాగ్రత్తగా ఉంది. "అందరి సినిమాలూ చూసినాను. కొందరు పాటలు పెట్టినారు, కొందరికి వాళ్ల పిల్లలు మాటలు ఎక్కించినారు. మా అమ్మ దాన్లోనే ఏమీ లేదు. సౌండు పెంచి చూసినాను. పక్క మంచం అమ్మాయి ఫోన్లో కూడా చూసినాను. తొమ్మిది నిమిషాలు నడిచినాది, ఒక్క ముక్క మాటాడలేదు. ఇంకా కోపమేనా మేడం?"

అప్పుడు అర్థమైంది. ఆవిడ వల్లించుకోలేదు. సినిమా చెప్పింది. గీత కదులుతున్నంతసేపూ సినిమా వెళుతోంది కాబట్టి, పక్కన నిలబడి చెబితే మాటలు కూడా దానితోనే వెళతాయనుకుంది. నెట్టు పోయినప్పుడల్లా మొదటినుంచి చెప్పుకొచ్చింది. ఇన్నేళ్లూ తెర పక్కన నిలబడి సినిమా చెప్పమని నేర్పింది నేనే, మాట ఫోన్లో విడిగా ఎక్కించాలని చెప్పాల్సింది కూడా నేనే.

"లేదమ్మా, మీ అమ్మ మాట్లాడింది. మూడుసార్లు మాట్లాడింది. నా పక్కనే నిలబడి చెప్పింది, నేను విన్నాను" అన్నాను.

"ఏం చెప్పింది?"

గంటన్నర సేపు నా చెవి పక్కన చెప్పిన మాటల్లో 'ఇటు కాదు' అన్న ముక్క తప్ప నాకేమీ గుర్తు లేదు. పోయిన పుస్తకాల పేర్లు మాత్రం వరసగా గుర్తున్నాయి.

"మీరు మంచోరు మేడం. సర్ది చెప్తన్నారు" అంది ఆ పిల్ల. తరవాత మెల్లగా, "వచ్చే నెల సెలవు ఇస్తామన్నారు, వద్దామనుకున్నాను. మాటాడని ఇంటికి వచ్చి ఏటి చేస్తాను?" అని పెట్టేసింది.

నాకు ముందు ఉత్తర్వు మీద కోపం వచ్చింది, తరవాత నెట్టు మీద, ఆ తరవాత ఎలకల మీద. ఇల్లు చేరేసరికి అన్ని కోపాలూ చల్లారి నా మీదది ఒక్కటే మిగిలింది.

ఆదివారం సంతకు ఆవిడ వచ్చింది. గుమ్మంలోనే అడిగింది. "సూసినాదా?"

కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. సినిమా వెళ్లింది, మాటలు వెళ్లలేదు, తప్పు నాది. మీ అమ్మాయి నువ్వు కోపంతో మాట్లాడలేదనుకుంటోంది, ఇక రానంటోంది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వు ఇక్కడే ఉన్నావు కదా మేడమ్మా. ఇన్నావు కదా. నువ్వు సెప్పీ దానికి."

"నేను సరిగ్గా వినలేదు."

"మూడుమాట్లు సెప్పినాను."

"చెప్పావు. నేను రాసుకుంటూ ఉన్నాను."

చర్చిలో ముందు వరసలో కూర్చుని నిద్రపోయినవాళ్లని చూసినట్టు నన్ను చూసింది. తల దించుకున్నాను. మాటలు రికార్డు చేసి పంపుదామా అని అడిగాను. ఒప్పుకోలేదు. అది కూతురితో మాట్లాడటమేనంది. పేజీలో ఉన్న సినిమాను మార్చే వీలు లేదు. బయట సంతలో ఎవరో ఎండుచేపలు బేరమాడుతున్నారు.

చివరికి ఆవిడే అంది. "నువ్వు సినిమా ఎయ్యి. నాను సినిమాకి సెప్తాను. ఆ ఫోను ఇక్కడెట్టు. ఎవులైనా ఇంటే ఇననీ."

ఆదివారం మిల్లుకు సెలవు. నా ఫోను పట్టుకుని ట్యాంకు మెట్లెక్కి కూతురికి చేశాను. సంగతి చెప్పి, స్నేహితురాలి ఫోన్లో సినిమా పెట్టుకోమన్నాను, అమ్మ చెబుతుంది, నువ్వు వినడమే, మధ్యలో మాట్లాడకు అని మరీ మరీ చెప్పాను. కానీ లోపలికి వస్తే సిగ్నలు పోతుంది. ఇక చేసేదేముంది, కంప్యూటరు తెరను గుమ్మం దాకా లాగాను, వైరు అంతవరకే వచ్చింది. ఫోను స్పీకర్లో పెట్టి అరుగు చివర రాయి మీద ఉంచాను, మా అదృష్టం, ఆ రోజు అక్కడ కూడా ఒక గీత సిగ్నలు నిలిచింది. ఒకటి, రెండు, మూడు అన్నాను. ఇక్కడ నేను నొక్కాను, అక్కడ ఆ పిల్ల నొక్కింది.

ఆవిడ తెర పక్కన నిలబడి, ఎదురుగా హాలు నిండా జనం ఉన్నట్టు గొంతెత్తింది.

"ఎవులొచ్చినా జీపు ఇక్కడ దిగాల. ముందట్లాగ దుకానం కాడ ఆపడు. దిగితే ఎడం సేతేపు చర్చి రేకులు అగపడతాయి. పాత దారంట ఎల్లకూడదు, పోనేడు ఆనలకి కొట్టుకుపోనాది. ఇటు కాదు, అటు రావాల."

ఈసారి నేను విన్నాను. చేతిలో పెన్ను లేదు, ముందు కాగితం లేదు. ఆవిడ ఒక్కసారి కూడా కూతురి పేరెత్తలేదు, నువ్వు అనలేదు. ఎవులొచ్చినా, ఎవులొచ్చినా అనే చెబుతోంది. ఇక్కడ కుక్క మొరుగుతాది, కరవదు. ఇక్కడ ఎండకి కాసేపు కూకోవచ్చు. తెర మీద ఆవిడ పాదాలు నీళ్లు పారే ఒక గెడ్డ దాటాయి, గట్టెక్కాయి, కాఫీ తోటలోకి వెళ్లాయి.

"ఈ మొక్కలు మూడేల్ల కిందట ఎవులో నాటినారు. అప్పుడు జానెడు. ఇప్పుడు నడుంకాడికొచ్చినాయి. ఈ యేడు కాపు..."

"అమ్మా."

రాయి మీద ఫోను మాట్లాడింది. ఆవిడ ఆగిపోయింది.

"అమ్మా, ఆగే. నా కాడ సినిమా కదల్లేదు. నువ్వు తోటలోకి ఎల్లిపోనావు. నానింకా గెడ్డకి ఇవతలే ఉన్నాను."

నేను సినిమా ఆపాను. తెర మీద ఒక పాదం ఎత్తి ఉంది. ఆవిడ నా వైపు చూసింది. ఆవిడ తెరను వదిలి అరుగు దిగింది. ఆ రాయి ముందు నేల మీద చతికిలబడింది.

"ఆగినాను" అంది ఫోనుతో. "రాల్ల మీద నాచుంది. సెప్పులిప్పి సేత పట్టుకుని, నిదానంగా రా."